కల్లంలో శనిగ్రహం

మా మనవరాలు చైతన్యపురిలో కోచింగుకు పోతుంది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే రెండో స్టేషన్. సీటు దొరికి నడుం వాల్చేలోపే దిగాలి. అయినా రోజూ లేటే. పొద్దున్నే టిఫిన్ ప్లేటు పట్టుకుని దాని వెనక తిరిగి తిరిగి నా మోకాళ్లు అరిగాయి.

నిన్న సాయంత్రం అది సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, టీ స్క్వేర్, ఏ క్యూబ్ అంటూ బట్టీ పడుతోంది. మధ్యలో పుస్తకం మూసి, "అమ్మమ్మా, సాటర్న్‌కు సూర్యుని చుట్టు ఒక్కసారి తిరగనీకె ఇరవై తొమ్మిదిన్నరేండ్లు పడతదంట. మరీ గంత స్లోనా? వేస్ట్ గ్రహం!" అంది.

నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఆలోచించకుండానే అనేశాను. "స్లో కాదే, దూరం."

"నీకెట్ల తెలుసు? నువ్వు బడిల చెప్పింది సోషల్ కదా! ఎవరు చెప్పిండ్రు నీకు?"

నేను తల వంచుకుని ఈనెలు తీస్తూ కూర్చున్నాను. కాసేపటికి అదే వచ్చి చూసి పకపకా నవ్వింది. ఈనెలు గిన్నెలో వేసి, కాయల్ని చెత్తలో వేస్తున్నానట.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. మేముండే దిల్‌సుఖ్‌నగర్ అంటే అప్పట్లో బట్టల దుకాణాలూ హాస్టళ్లూ కాదు. మా ఇంటి అరుగు మీద కూర్చుంటే విజయవాడ రోడ్డు మీద పోయే లారీలను లెక్కపెట్టవచ్చు, మధ్యలో ఒక కునుకు కూడా తీయవచ్చు. ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తా అంటున్న దిక్కున మాకు కొంచెం వరిపొలం, దాని పక్కన కల్లం, కల్లాన్ని ఆనుకుని ఒక చిన్న ద్రాక్షతోట ఉండేవి. ఆ రోడ్డు పొడుగునా ద్రాక్షతోటలే. ఎండలు ముదిరే వేళకు గాలికి ఒక వాసన వచ్చేది. మగ్గిన ద్రాక్ష, పందిళ్లకు కొట్టిన మైలుతుత్తం, కాలువ నీళ్లకు తడిసిన మట్టి, అన్నీ కలిసిన వాసన. ఈమధ్య అదే చోట ఫ్లైఓవర్ కింద నిలబడి గట్టిగా పీల్చి చూశాను. దగ్గొచ్చింది.

ఆ ఏడు, అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం వచ్చి బడులన్నీ మూతపడ్డాయి. మా నాన్న బస్సు డ్రైవరు. బస్సు బయటికి తీస్తే అద్దాలు మిగలడం లేదని ఇంట్లోనే కూర్చుని నవారు మంచం అల్లుతుండేవాడు. మా చిన్నాయన కాలేజీ. పొద్దున వెళ్లి "జై తెలంగాణ" అని అరిచి అరిచి, సాయంత్రానికి గొంతు పోయి ఇంటికొచ్చి, నాయనమ్మను సైగలతో అన్నం అడిగేవాడు. ఆమె మిరియాల పాలు కాచి ఇచ్చి, "తెలంగాణ వచ్చేదాంక నీ గొంతు మిగలాలె గద బిడ్డా, జర దాసుకో" అనేది.

మా ముందరి గదిలో ఒక సారు కిరాయికి ఉండేవారు. గుంటూరు దిక్కు మనిషి, మా బడిలో సైన్సు చెప్పేవారు. బడికి తాళం పడ్డాక ఆయనకు కాలూ చేయీ ఆడలేదు. నాలుగు రోజులు చూసి, మా నాయనమ్మ దగ్గరకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. "పెద్దమ్మగారూ, ఏడో తరగతి పిల్లలకి పబ్లిక్ పరీక్ష ఉందండి. ఎప్పుడు పెడతారో తెలీదుగానీ, పెట్టేసరికి వీళ్లు మొత్తం మర్చిపోతారు. మీ కళ్లంలో ఓ పూట కూర్చోబెట్టుకుని చెప్పుకోనా?"

చిన్నాయనకు ఒళ్లు మండింది. బొంగురు గొంతుతోనే, "గా ఆంధ్రసారుతోని మనకేంది? బడి బందంటే బందే!" అన్నాడు.

"నువ్వు బంద్ చేసింది బడి. అక్షరం ముక్క గూడ బంద్ చేస్తవా?" అంది నాయనమ్మ. "నువ్వు కొట్లాడేది కొట్లాడు. పిల్లలకు నాలుగు ముక్కలు చెప్పెటోడు ఏ ఊరోడైతే ఏంది? పో, తానం చేసి రా, చెమట వాసన."

అట్లా మా కల్లం బడి అయింది. పది పన్నెండు మందిమి పోయేవాళ్లం. సద్దిగిన్నెలు వెంట ఉండేవి. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం, ఒక్కోరోజు పచ్చిపులుసు. గడ్డివాము నీడలో కూర్చుంటే ఒళ్లంతా దురద. గోక్కుంటూ చదివిన చదువు అది. చిన్నాయన గడ్డివాము వెనక చేరి, వినడం లేదన్నట్టు పేపరు అడ్డం పెట్టుకుని పాఠాలన్నీ విన్నాడని మాకందరికీ తెలుసు.

ఇక నా దోస్తు సంగతి. మా క్లాసులో హయత్‌నగర్ నుంచి వచ్చే పిల్ల ఒక్కతే ఉండేది. నల్లగా, సన్నగా, ఎప్పుడూ ఎవరో తరుముతున్నట్టు ఆయాసపడుతూ వచ్చేది. వాళ్లు బర్రెలు, కొద్దిగా మెట్ట చెలక ఉన్నవాళ్లు. పొద్దున బర్రె పాలు పిండి, పేడ ఎత్తిపోసి, బస్సు దొరికితే బస్సు, లేకుంటే నడక. ఆరేడు మైళ్లు. మా ఇంటికీ బడికీ మధ్య రెండు గోడలే అడ్డం. గంట కొట్టాక చెయ్యి కడుక్కుని బయల్దేరినా నేను ముందు బెంచీలో ఉండేదాన్ని. పైగా నేను క్లాసు లీడర్ని. ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం నా ఉద్యోగం. రోజూ ఆమె పేరే. "లేట్ లతీఫ్ వచ్చింది!" అని నేను అనగానే క్లాసంతా నవ్వేది. ఆమె కూడా నవ్వి, అడగకముందే బెంచీ ఎక్కి నిలబడేది. ఆ బెంచీ మీద నుంచే లెక్కలన్నీ నాకంటే ముందు చేసేది, అది వేరే సంగతి. లేదు, వేరే సంగతి కాదు, అసలు సంగతి అదే.

బస్సులు లేని ఆ రోజుల్లో ఆమె మా కల్లానికి నడిచే వచ్చేది. వాళ్ల నాయన ఒక మాట చెప్పి పంపాడట. "గీ ఏడు పరీక్ష పాసైతె చదువుకో. కాకుంటె నాట్లకు రా." ఆ మాట ఆమె నాతో నవ్వుతూనే చెప్పింది. నవ్వుతూ చెప్పింది కాబట్టి నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

యాసంగి వరి కోతలు అయిపోయాయి. ఒకరోజు మేము పోయేసరికి కల్లంలో బంతి కట్టారు. ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. నడుమ ఒక గుంజ పాతి, నాలుగు ఎడ్లను పక్కపక్కన ఒకే తాటికి కట్టి, పరిచిన వరి మీద గుండ్రంగా తిప్పుతారు. వాటి కాళ్ల కింద గింజలు రాలతాయి. గుంజ పక్కన ముసలి ఎద్దును కడతారు. అది ఉన్నచోటే నిలబడి తిరిగినట్టు తిరుగుతుంది. అన్నిటికంటే బయట వయసు ఎద్దును కడతారు. పాపం, దానికి ఉరుకుడే ఉరుకుడు.

సారు ఆ రోజు గ్రహాల పాఠం తీశారు. ఎడ్లను చూపించి, "గుంజ సూర్యుడనుకోండి. ఎడ్లు గ్రహాలు. ఏది ముందు చుట్టు పూర్తి చేస్తుంది?" అని అడిగారు.

మేమందరం ఒకే గొంతుతో అరిచాం. "అన్నీ ఒక్కసారే సార్!"

"మరి ఏది వేగంగా నడవాలి?"

"బయటిది సార్!"

సారు తల పట్టుకున్నారు. ఆయన అనుకున్నది ఒకటి, మేము పట్టుకున్నది ఇంకొకటి. పుస్తకంలో ఉన్నదేమో దీనికి పూర్తిగా తలకిందులు. సూర్యుడికి దగ్గరున్న బుధుడు ఎనభై ఎనిమిది రోజుల్లో చుట్టి వస్తాడు. మనకు ఏడాది. గురుడికి పన్నెండేళ్లు, శనికి ముప్పై ఏళ్లు. దూరం ఉన్నవాడే నెమ్మది.

చాటతో చెరుగుతున్న నాయనమ్మ అందుకుంది. "గురుడు ఏడాదికో రాశి, శని రెండున్నరేండ్లకో రాశి. గిది నాకు మీ బుక్కు లేకుండనే ఎరికె సారూ. పన్నెండేండ్లకోపాలి పుష్కరాలు ఎందుకొస్తయనుకున్నరు? శని కుంటోడు, గందుకే నిమ్మళం."

"కుంటి కాదండీ పెద్దమ్మగారూ, దూరం" అన్నారు సారు.

మధ్యాహ్నం ఎడ్లను విప్పాక, సారు కల్లంలో సున్నంతో గుండ్రాలు గీశారు. భూమికి గుంజ నుంచి నాలుగడుగులు. ఆ లెక్కన గురుడికి ఇరవై అడుగులు. శనికి ముప్పై ఎనిమిది. శని గుండ్రం కల్లం దాటి, గట్టు దాటి, ద్రాక్ష పందిరి కిందికి పోయింది. మేమంతా ఎగబడి గ్రహాలు పంచుకున్నాం. నేను భూమిని. లీడర్ని కదా, ఇంకేది తీసుకుంటాను? నా దోస్తు అప్పుడే చెమట కక్కుకుంటూ వచ్చింది. ఆ రోజూ లేటే. మిగిలింది శని ఒక్కటే.

"పో, పందిరి కిందికి పో. లేట్ లతీఫ్‌కు శనే సరి" అన్నాను.

సారు చప్పట్లు కొడుతుంటే లెక్క ప్రకారం అడుగులు వేయాలి. బుధుడైన పిల్లవాడు గిరగిరా తిరిగి, కళ్లు తిరిగి గడ్డిలో పడ్డాడు. నేను గుంజ చుట్టూ చుట్టు మీద చుట్టు తిరుగుతున్నాను. ఎన్ని చుట్లు తిరిగినా ఆమె పందిట్లో ఆ మూల నుంచి ఈ మూలకు కూడా రాలేదు. ఏం చేస్తోందా అని చూస్తే, బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. నెమ్మదిగా నడుస్తూ, అందిన గుత్తినల్లా ఒలుచుకుని తింటోంది! మైలుతుత్తానికి పెదాలు నీలంగా అయ్యాయి. "సార్, శని మా ద్రాక్ష తింటున్నది!" అని అరిచాను. సారు కూడా నవ్వారు. నాయనమ్మ మాత్రం, "తిననియ్యి, అంత దూరంకెల్లి వస్తది. కడుక్కొని తిను బిడ్డా" అంది. నాకు అక్కడ మొదటి ముల్లు గుచ్చుకుంది.

రెండోది అదే రోజు గుచ్చుకుంది. సారు అందరినీ కూర్చోబెట్టి అడిగారు. "గురుడు మనకంటే ఐదింతల దూరంలో ఉన్నాడు. దారి ఐదింతలు. అంటే ఐదేళ్లు పట్టాలి కదా. పన్నెండెందుకు పడుతోంది? ఆలోచించండి."

నేను పుస్తకం తిరగేశాను. అందులో లేదు. నా దోస్తు మాత్రం, విప్పేసిన ఎడ్ల వైపు చూస్తూ కూర్చుంది. వాటి మీంచి చూపు తిప్పకుండానే అంది.

"సార్, గ్రహాలకు తాడు లేదు. బంతిల ఉన్నప్పుడే బయటి ఎద్దు ఉరుకుతది. తాడు ఇప్పితె దాని తీరుగ అది నడుస్తది. గురుడికి తొవ్వ ఐదింతలు. అడుగు గూడ మనకన్న నిమ్మళం పడుతుండొచ్చు. తొవ్వ పెద్దగాయె, అడుగు చిన్నగాయె. రెండు కలిస్తె పన్నెండు."

సారు లేచి నిలబడ్డారు. నాకు ఇప్పటికీ ఆయన మొహం కళ్ల ముందుంది. "సరిగ్గా అదేనమ్మా! దూరం వెళ్లేకొద్దీ సూర్యుడి లాగుడు తగ్గుతుంది. దగ్గరున్నది వేగంగా పరిగెత్తకపోతే సూర్యుడిలో పడిపోతుంది. దూరంగా ఉన్నదానికి అంత పరుగు అక్కర్లేదు. గురుడి వేగం మన భూమి వేగంలో సగం కూడా ఉండదు. నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవ్వరు చెప్పలే సార్. రోజు నడుస్త గద, నడుసుకుంట ఆలోచిస్త."

సారు దగ్గర ఒక చార్టు ఉండేది. ఆయన చేత్తో గీసింది. తొమ్మిది గ్రహాలు, శుక్రుడికి పసుపు, కుజుడికి కుంకుమ నీళ్లు, భూమికి నీలిమందు. ఫస్టు వచ్చేదాన్ని కాబట్టి అది నాకే వస్తుందని నేను ఇంట్లో గోడకు మేకు కూడా కొట్టించుకున్నాను. ఆ సాయంత్రం సారు దాన్ని చుట్టచుట్టి ఆమె చేతికిచ్చారు. మేకు ఊరికే ఉండిపోయింది. నాయనమ్మ దానికి తన తువ్వాల తగిలించుకుంది. ఆ తువ్వాలను చూసినప్పుడల్లా నా కడుపు రగిలేది. ఓర్వలేనితనం అంటారే, అదే. దానికి వేరే మంచి పేరేదీ లేదు.

వానలు పడ్డాక బడులు తెరిచారు. పరీక్షలు పెట్టారు. మా బడే సెంటరు. పరీక్షల వారంలో మా ఇంట్లోనే ఉండమని నాయనమ్మ ఆమెను అడిగింది. ఉండలేకపోయింది. వాళ్లమ్మ బాలింత, బర్రెలకు ఇంకెవరూ లేరు. బస్సులు తిరిగితే తిరిగేవి, లేకుంటే లేదు. ఆమె తెల్లారకముందే లేచి పని చేసుకుని, పదింటి పరీక్షకు తొమ్మిదిన్నరకే వచ్చి చేరేది. పరీక్షలకు ఒక్కనాడూ ఆలస్యం కాలేదు.

సైన్సు పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం, సారు గొడుగుతో హడావిడిగా మా ఇంట్లోకి వచ్చారు. మర్నాడు మధ్యాహ్నం ఊరేగింపు ఉందట. పరీక్ష ముందుకు జరిపారట. "పదింటికి కాదమ్మా, ఎనిమిదింటికి. అరగంట దాటితే లోపలికి రానివ్వరు. ఆ అమ్మాయికి తెలీదు. ఆంధ్రావాణ్ణి, నేను ఆ రోడ్డున వెళ్లే రోజులు కావివి. పాలాయన సాయంత్రం మీ ఇంటికొస్తాడుగా, అతనితో కబురు పంపు. మర్చిపోవుగా?"

"మరువను సార్" అన్నాను.

పాలతాతది కూడా హయత్‌నగరే. చీకటితో సైకిల్‌కు క్యాన్లు కట్టుకుని వచ్చి దిల్‌సుఖ్‌నగర్ ఇళ్లల్లో పాలు పోసేవాడు. మలక్‌పేట గంజ్‌లో తౌడు కొనుక్కుని, సాయంత్రం పోతూ పోతూ మా అరుగు మీద ఛాయ్ తాగేవాడు. మా ఇద్దరి మధ్య టపా ఆయనే. ఆమె పంపిన రేగుపండ్లు, నేను పంపిన నోట్సు, అన్నీ ఆయన తలగుడ్డలోనే ప్రయాణం చేసేవి.

ఆ సాయంత్రం వాన తుంపర పడుతోంది. తాత ఛాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, తలగుడ్డ చుట్టుకున్నాడు. సైకిల్ స్టాండు తీసి, రోజూ అడిగినట్టే అడిగాడు.

"బిడ్డా, మీ దోస్తుకు ఏమన్న చెప్పేదున్నదా?"

నా కళ్లు తలుపులోంచి కనిపించే గోడ మీది మేకు మీద పడ్డాయి. తువ్వాల లేదు, మేకు ఒక్కటే ఉంది.

"ఏం లేదు తాతా" అన్నాను.

మరిచిపోయానని చెప్పుకుంటే బాగుండును. మరవలేదు. ఆ మాట అంటున్నప్పుడు ఎనిమిది గంటలన్న సంగతి నా నాలుక చివరనే ఉంది. పరీక్ష పోవాలని కూడా కోరుకోలేదు, నిజం. పరీక్షలకు రోజూ పెందరాళే వస్తుంది కదా, కాస్త ఆలస్యమైతే ఏమవుతుంది, కొంచెం కంగారు పడితే పడనీ, నా కంటే నాలుగు మార్కులు తగ్గితే చాలు, అనుకున్నాను. రెండు గోడల అవతల బడి ఉన్నదాన్ని కదా. నా నడకతో ఆమె దారిని కొలిచాను. తాడు లేదని ఆమె చెప్పిన పాఠం విని, మళ్లీ ఆమెను నా పక్కనే బంతికి కట్టుకున్నాను.

ప్రశ్నపత్రంలో మూడో ప్రశ్న అదే. సూర్యుని నుండి దూరము పెరిగిన కొలది గ్రహముల పరిభ్రమణ కాలము ఏల పెరుగును? నేను ఆమె మాటల్నే పుస్తకాల భాషలోకి మార్చి పేజీన్నర రాశాను. రాస్తూ కిటికీలోంచి చూస్తే, గేటు బయట ఆమె నిలబడి ఉంది. పావడా మోకాళ్ల దాకా బురద. చేతిలో అట్ట, తడవకుండా దానికి చుట్టిన తామరాకు. గేటు దగ్గరి ఆయనకు ఏదో చెబుతోంది. తొమ్మిదిన్నర అయింది. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. సారు ఏ గదిలోనో డ్యూటీలో ఉన్నారు, చూడలేదు. చూసినదాన్ని నేనే. లేచి "సార్, నా తప్పు" అని ఒక్క అరుపు అరిస్తే ఏమయ్యేదో నాకు తెలియదు. నేను తల దించి నాలుగో ప్రశ్న మొదలుపెట్టాను.

సాయంత్రం మా అరుగు మీద పంచాయితీ అయింది. ఆమె, కబురు తెలిసి వచ్చిన వాళ్ల నాయన, సారు, నాయనమ్మ, ఛాయ్‌కి వచ్చిన పాలతాత. సారు నన్ను పిలిచి అడిగారు. "కబురు చెప్పావా అమ్మా?"

"చెప్పిన సార్. పాలతాతకు చెప్పిన."

అందరూ తాత వైపు తిరిగారు. తాత నా వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. ఉంటే తట్టుకునేదాన్నేమో.

"చెప్పినవా బిడ్డా?"

"చెప్పిన తాతా. ఎనిమిదింటికి అని చెప్పిన. వాన పడుతుండె, నువ్వు తలగుడ్డ చుట్టుకుంటుంటివి."

ఎంత బాగా కుదిరింది అబద్ధం! వాననూ తలగుడ్డనూ కూడా సాక్ష్యం తెచ్చాను. తాత నేల వైపు చూసి, తర్వాత నుదురు కొట్టుకున్నాడు. "అయితే నేనే మరిచిన్నేమో. నా మతి మన్నుగాను! యాదికుంటె నా సైకిల్ మీదనే తెద్దును గదరా పిల్లను!"

ఆమె నాయన పండ్లు కొరికాడు. తాతను ఏదో అనబోయాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని లాగింది. "పోదాం బాపు. తాత ముసలోడు. ఏమనకు."

"దానికి శని పట్టింది" అని కళ్లు ఒత్తుకుంది నాయనమ్మ. నా దోస్తుకు పట్టింది శని కాదు, నేను.

వారం తర్వాత తాత తలగుడ్డలో చార్టు వచ్చింది. "నీ దగ్గర పెట్టుకొమ్మన్నది బిడ్డా. నాట్లకు పోతున్నది. మా ఇంట్ల గోడ కారుతది, ఖరాబైతదన్నది." నేను దాన్ని మేకుకు తగిలించలేదు. పెట్టె అడుగున పెట్టాను. సైన్సులో నాకే ఫస్టు మార్కు వచ్చింది. ఆ తర్వాత నేను సైన్సు తీసుకోలేదు. ఎందుకని సారు అడిగితే, సోషల్ ఇష్టమన్నాను. ఆయన ఇంకొన్నాళ్లకు వాళ్ల ఊరు వెళ్లిపోయారు.

శని సూర్యుణ్ణి ఒక్క చుట్టు తిరిగేంత కాలం గడిచింది. నేను పంతులమ్మనయి, ఊళ్లు తిరిగి తిరిగి హయత్‌నగర్‌కు బదిలీ అయ్యాను. అక్కడ ఏడో తరగతి పరీక్షల మొదటి రోజు. తాళం తీయించడానికి నేను పెందరాళే పోయేసరికి, గేటు ముందు ఒకామె కూతుర్ని పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చుని ఉంది. ఇంకా గంటన్నర టైముంది. పక్కన వంకాయల గంప. నన్ను చూసి కళ్లు చికిలించి, లేచి, పెద్దగా నవ్వింది.

"లేట్ లతీఫ్ వచ్చింది, పేరు రాసుకో!"

నేను ఆమెను కావలించుకున్నాను. వంకాయలు, చెమట, పచ్చి ఆకుల వాసన. మార్కెట్లో కూరగాయలు అమ్ముతుందట. ఇది చిన్నబిడ్డట, లెక్కల్లో చురుకట. "ఎవ్వరి కబురు మీద ఆధారపడద్దని నేనే తోలుకొచ్చిన" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"పాలతాత యాదికున్నడా? పొయ్యేముందు నన్ను పిలిపిచ్చుకుండు. నా చెయ్యి పట్టుకొని ఒకటే ఏడ్సుడు. 'నీ చదువు నేనే ఖరాబు చేసిన బిడ్డా, ఎంత ఆలోచించినా ఆ పొద్దు ఆ పిల్ల చెప్పినట్టు నాకు యాదికొస్తలేదు' అని. పోనీ తాతా, ఇడిసిపెట్టు అన్న. పాపం, గదే పానం మీద పెట్టుకొని పోయిండు."

పోయేదాకా ఒక ముసలాయన తనకు ఎవరూ చెప్పని మాటను గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. 

ఆమె నా మొహంలోకి చూసింది. "ఏందే, గట్లున్నవు? ఏమన్న చెప్తవా?"

"ఏం లేదు" అన్నాను.

ఆ తర్వాత నా సర్వీసంతా గేటు దగ్గర నేను ఏ పిల్లనూ ఆపలేదు. లేటుగా వచ్చినవాళ్లను ఎక్కడి నుంచి వస్తున్నావని మాత్రమే అడిగాను. దానికి పై అధికారుల చేత మాటలు పడ్డాను. అదేదో గొప్పని చెప్పడం లేదు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు అవి.

ఇప్పుడు శని రెండో చుట్టు కూడా ముగిసే వేళవుతోంది. ఆమె హయత్‌నగర్ మార్కెట్లోనే ఉందని, గంప దగ్గర ఇప్పుడు కోడలు కూర్చుంటోందని విన్నాను. ఇక్కడి నుంచి బస్సు ఎక్కితే ఎంతసేపు? ఒక కునుకు. ఆ కాస్త దూరం నేను ఇన్నేళ్లుగా పోలేకపోయాను. ఆమె ఆలస్యానికి దూరం ఉంది. నా ఆలస్యానికి ఏముంది?

నిన్న రాత్రి అన్నం తినేటప్పుడు మనవరాలికి బంతి సంగతి, ఎడ్ల సంగతి, తాడు విప్పడం సంగతి చెప్పాను. తొవ్వ పెద్దగాయె, అడుగు చిన్నగాయె అన్నాను. అది ముద్ద చేతిలో పట్టుకుని నోరు తెరిచి విన్నది. "అమ్మమ్మా, మా సార్ ఫార్ములా ఇచ్చిండు గానీ గిట్ల చెప్పలే. ఇప్పుడు అర్థమైంది. నీకెవరు చెప్పిండ్రు, నిజంగ?"

"నా దోస్తు. నా ఈడుదే. అప్పుడు పన్నెండేండ్లు దానికి."

"పన్నెండేండ్లకే? అబ్బా! పెద్ద సైంటిస్ట్ అయిందా మరి? ఏమైంది ఆమె?"

పళ్లెంలో వంకాయ కూర ఉంది. మనవరాలు నా మొహం చూస్తూ ఎదురుచూస్తోంది.

"ఏం లేదు. నువ్వు తిను" అన్నాను.